పాటలోంచి మాటలోకి: సరిహద్దు బడుల్లో ఇంగ్లీషు
(స్మారకోపన్యాస పాఠం)

కర్ణాటక, ఆంధ్ర సరిహద్దున పాతపాళ్య హోబళి పల్లెల్లో పుట్టిన బిడ్డకు ఇంగ్లీషు మూడో భాష. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆ పైన ఇంగ్లీషు. తాండాల్లో లంబాడీ, కొన్ని ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకైతే అది నాలుగోది. 2007లో కోలారు నుంచి విడిపడి చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడింది గానీ, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో భాషల పంపకం పాతదే: సంతలో తెలుగు, కచేరీలో కన్నడం, ఉద్యోగ ప్రకటనలో ఇంగ్లీషు. ఎస్.ఎస్.ఎల్.సి.లో కన్నడం ప్రథమ భాష, ఇంగ్లీషు ద్వితీయ భాష. కాగితం మీద వరుస ఎలా ఉన్నా, బోధించేవారి వైపు నుంచి చూస్తే ఇంగ్లీషు ఇక్కడ పరాయి భాషే. ద్వితీయ భాష అనిపించుకోవాలంటే బడి వదిలాక కూడా ఆ భాష చెవిన పడుతూ ఉండాలి. బెంగళూరులో పడుతుంది. పాతపాళ్యలో బడి గంట కొట్టాక ఇంగ్లీషు దుకాణం బోర్డు మీద, ఎరువు సంచి మీద, ఫోను తెర మీద అక్షరాలుగా కనపడుతుందే తప్ప, ఒకరు అడిగితే మరొకరు బదులు చెప్పే మాటగా వినపడదు. ఈ తేడాను గుర్తించకుండా వేసిన పాఠ ప్రణాళిక ఏదైనా ఈ పిల్లల దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది.

కర్ణాటకలోని కన్నడ మాధ్యమ బడుల్లో ఇంగ్లీషు ఒకప్పుడు ఐదో తరగతిలో మొదలయ్యేది. 2007-08 నుంచి ఒకటో తరగతిలోనే మొదలైంది. మొదలుపెట్టే వయసు నాలుగేళ్లు తగ్గింది. చెప్పే తీరు అంత తొందరగా మారలేదు. పదేళ్ల పిల్లలకు అలవాటైన వరుసే ఆరేళ్ల పిల్లలకూ వచ్చింది: ముందు అక్షరాలు, తర్వాత స్పెల్లింగులు, చూచిరాత, చివరికి బట్టీపట్టిన ప్రశ్నా జవాబులు. అలా చదివిన పిల్లలు ఐదో తరగతికి వచ్చేసరికి పుస్తకంలో పేరా గడగడ చదివేస్తారు, అందులో ఎవరు ఎక్కడికి వెళ్లారని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తారు. అక్షరం వచ్చి, భాష రాని స్థితి ఇది. ఆరేళ్ల బిడ్డ ఏ భాషనైనా చెవితో అందుకుంటుంది. ఇంట్లో తెలుగు వచ్చిందీ, వీధిలో కన్నడం అంటుకున్నదీ అలాగే. ఇంగ్లీషుకు చుట్టుపక్కల వినికిడి లేనప్పుడు దాన్ని తరగతి గదిలోనే, తక్కువ సమయంలో, విసుగు పుట్టకుండా, పదేపదే కల్పించాలి. ఒకే మాటను ఇరవై సార్లు వినిపిస్తే పిల్లలు ఆవలిస్తారు, అదే మాటను పాటలో ఇరవై సార్లు తామే అడిగి అనిపించుకుంటారు. పాట బోధనా సాధనం కావడానికి మొదటి కారణం ఇంత సాదాగా ఉంటుంది.

రెండో కారణం నడకకు సంబంధించింది, దీని దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని కాలం దానికి ఉంటుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. లఘువు, గురువు అని ఛందస్సు లెక్కపెట్టేది ఈ కాలాన్నే. అక్షరాలు పెరిగితే వాక్యం పలకడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. ఇంగ్లీషులో కొన్ని అక్షరాల మీద ఊనిక పడుతుంది, మిగిలినవి ఆ ఊనికల మధ్య నలిగిపోతాయి. అమెరికన్ భాషాశాస్త్రవేత్త కెన్నెత్ పైక్ 1945లో ఈ తేడాను పట్టుకుని, ఊనికను బట్టి నడిచే భాషలని, అక్షరాన్ని బట్టి నడిచే భాషలని విడదీశాడు. తర్వాత యంత్రాలతో కొలిచినవారు ఊనికల మధ్య కాలం కచ్చితంగా సమానం కాదని తేల్చారు. అయినా చెవికి తోచే తేడా పోలేదు. 'గోట్స్ ఈట్ లీవ్స్' అన్న వాక్యంలో మూడు దెబ్బలున్నాయి. 'ద గోట్స్ ఆర్ ఈటింగ్ ద లీవ్స్' అన్నా మూడే. 'ద గోట్స్ విల్ బి ఈటింగ్ ద లీవ్స్' అన్నా మూడే. కొత్తగా చేరిన చిన్న మాటలు దెబ్బల సందుల్లోంచి గబగబా జారిపోవాలి. తెలుగు చెవికి ఏ అక్షరాన్నీ అలా చిన్నచూపు చూడడం అలవాటు లేదు. అందుకే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మాటలు మింగేస్తున్నారని పిల్లలకు అనిపిస్తుంది; పిల్లలు అన్ని అక్షరాలనూ సమానంగా పలికితే వినేవాళ్లకు వాక్యం ఎక్కడ బరువుగా ఉందో తెలియదు. ఈ సంగతిని నియమంగా చెప్పి నేర్పడం పెద్ద తరగతుల్లోనే కష్టం. తాళం వేసి పాడిస్తే ఒకటో తరగతిలోనే వస్తుంది.

ఈ ప్రాంతానికి కోలాటం కొత్త కాదు. పండగలకూ జాతరలకూ కోలలు పట్టని ఊరు అరుదు. అదే కోలను ఇంగ్లీషు మాటల మీద వాడవచ్చు. టొమాటో, పొటాటో, బనానా అన్న మాటల్లో కోల నడిమి అక్షరం మీద తగలాలి. ఆనియన్, బ్రింజల్, క్యాబేజ్ అన్నప్పుడు మొదటి అక్షరం మీద. చింతామణి, మదనపల్లె మార్కెట్లకు టమాటా గంపలు పంపే ఇళ్ల పిల్లలకు ఈ మాటల అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు, దెబ్బ ఎక్కడ పడాలో తెలిస్తే చాలు. ఊనిక అన్న మాట ఒక్కసారైనా ఎత్తకుండానే పాఠం పూర్తవుతుంది.

తెలుగు మాటలూ కన్నడ మాటలూ చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటు కొద్దీ బస్సు, కారు, పెన్ను, బుక్కు అంటాం. ఇంగ్లీషు మాటను జనం సొంతం చేసుకున్న గుర్తు అది, వెక్కిరించాల్సిన తప్పు కాదు. అయితే ఇంగ్లీషు వాక్యంలో ఆ చివరి ఉకారం చేరితే నడక కుంటుపడుతుంది. పాటలో ఆ ఉకారానికి చోటుండదు. చేర్చిన బిడ్డ పక్కవాళ్ల కంటే వెనకబడి, తనంతట తానే వదిలేస్తుంది. పాట అన్నిటినీ దిద్దుతుందని మాత్రం అనుకోకూడదు. 'ఎగ్' అనేదాన్ని 'యెగ్' అనడం, 'జూ' లోని మొదటి ధ్వనిని 'జీప్' లోని ధ్వనితో కలిపేయడం పాటలోనూ యథాతథంగా సాగిపోతాయి. వాటికి నోరు చూసి విడిగా సాధన చేయించాల్సిందే. మరోవైపు హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగు బిడ్డకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. షిప్, షీప్ అన్న మాటల్ని వేరుచేయడానికి ఎన్నో దేశాల పిల్లలు అవస్థ పడతారు. ఈ పిల్లలు మొదటి రోజే పట్టేస్తారు.

పాట జ్ఞాపకానికి సాయపడుతుందన్నది అందరూ చెప్పే మాట. ఎప్పుడు సాయపడుతుంది, ఎంత అన్నది పరిశోధకులు వెతికారు. వాండా వాలెస్ 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే బాణీ చరణం తర్వాత చరణంగా తిరిగి వస్తే మాటలు బాగా గుర్తుండిపోయాయి. బాణీ చెవికి అలవాటు పడే అవకాశం లేనప్పుడు ఆ లాభం కనపడలేదు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో కారెన్ లడ్కె బృందం 60 మంది పెద్దవాళ్లకు తమకు బొత్తిగా తెలియని హంగేరియన్ భాషలోని చిన్న చిన్న వాక్యాలు 15 నిమిషాల పాటు నేర్పింది. ఒక జట్టు మామూలుగా పలుకుతూ, ఒకటి తాళం మీద పలుకుతూ, మూడోది పాడుతూ నేర్చుకుంది. హంగేరియన్‌లో తిరిగి చెప్పమన్నప్పుడు పాడుతూ నేర్చుకున్న జట్టు ముందుంది. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పావుగంట ప్రయోగం ఏడాది చదువుకు సాక్ష్యం కాదు. అయినా ఒక ఆచరణ సూత్రం తేలుతుంది: పది పాటలు ఒక్కొక్కసారి పాడించడం కంటే, ఒకే సులువైన బాణీలో చరణాలు మార్చుకుంటూ వారమంతా పాడించడం మేలు. పాఠ్యపుస్తకాలు పాటల సంఖ్యను పెంచుకుంటూ పోతాయి. తగ్గించి, ఉన్నవాటిని తిప్పి తిప్పి వాడుకోవాలి.

భయం సంగతి వేరుగా చెప్పాలి. మనసులో బెరుకు ఉంటే విన్న భాష లోపలికి దిగదని స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో వాదించాడు. ఆయన సిద్ధాంతంలో వివాదాస్పదమైనవి ఎన్నో ఉన్నా, ఈ ఒక్కదాన్ని పల్లెబడి ఉపాధ్యాయులెవరూ కాదనరు. మాతృభాష బడి భాష కాని బిడ్డ ఒకటో తరగతిలోనే ఒకసారి నోరు మూగబోయి ఉంటుంది. అదే గదిలో ఇంగ్లీషు కోసం మళ్లీ లేచి నిలబడమంటే రెట్టింపు బెరుకు. గుంపులో పాడితే తప్పు ఎవరిదో తేలదు. ఆ చాటు మొదట్లో అవసరం. జేమ్స్ ఆషర్ పద్ధతిలో పిల్లలు మాట్లాడకుండానే, విన్న ఆజ్ఞ ప్రకారం లేవడం, తిరగడం, ముట్టుకోవడం చేస్తారు. అభినయ గేయాలు దానికి దగ్గరి చుట్టాలు. న్యూయార్కులో పరదేశీయులకు ఇంగ్లీషు చెప్పిన కరొలిన్ గ్రాహమ్ 1978లో 'జాజ్ చాంట్స్' పేరుతో, బాణీ కూడా లేకుండా తాళం మీద నడిచే సంభాషణలు ప్రచురించింది. గొంతు బాగాలేదని పాటకు జంకే ఉపాధ్యాయులకు ఇది మంచి దారి. చప్పట్లు చాలు.

బాగేపల్లి, చింతామణి ప్రాంతానికి ఈ విషయంలో తనదైన అనుభవం ఉంది. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్మిన యోగి నారేయణ యతీంద్రులను జనం తాతయ్య అంటారు; 1726 నుంచి 1836 దాకా జీవించారని సంప్రదాయం. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, తత్వాలు, కాలజ్ఞానం చెప్పారు. ఆ తెలుగు రచనలు ఇక్కడ కన్నడ లిపిలో అచ్చవుతాయి. భజన మందిరాల్లో, గురుపూర్ణిమనాడు కైవారంలో జరిగే సంగీతోత్సవంలో తెలుగు అక్షరమైనా తెలియని గొంతులు తెలుగు పాడతాయి. పాట లిపి కోసం కాచుకోదని ఈ ఊళ్లకు తరాలుగా తెలుసు. ఈ అలవాటే ఇంగ్లీషు నోటు పుస్తకంలోనూ కనిపిస్తుంది: పిల్లలు ఇంగ్లీషు పాటను కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు. కొందరు ఉపాధ్యాయులు దీన్ని చూసి కోప్పడతారు. కోప్పడనక్కర్లేదు. మొదటి వారాల్లో అది జ్ఞాపకానికి ఊతం, మాట మరిచిపోకుండా కాపాడుతుంది. దాని హద్దు కూడా తెలిసి ఉండాలి. కన్నడ లిపిలో చుక్క పెట్టి ఇంగ్లీషు ఎఫ్, జెడ్ ధ్వనుల్ని చూపవచ్చు గానీ, ఊనికను చూపే గుర్తు ఆ లిపిలో లేదు. అలా రాసుకున్న పాటను చదివితే నడక మళ్లీ కన్నడ నడకే అవుతుంది. కనుక నోటికి వచ్చాకే రాత, కన్నడ అక్షరం పక్కన ఇంగ్లీషు అక్షరం, ఆ తర్వాత మెల్లగా ఇంగ్లీషు అక్షరం ఒక్కటే.

పాట ముందు, అర్థం తర్వాత వచ్చిన ఒక గొప్ప సందర్భం చింతామణికి పొరుగునే జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలకు అతిథిగా వచ్చాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. ఠాగూరు 'జనగణమన' పాడితే, బెంగాలీ తెలియని విద్యార్థులు పల్లవిని అందుకున్నారు. సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని స్వరలిపిలో పెట్టింది. ఠాగూరు అక్కడే కూర్చుని దాని ఇంగ్లీషు పాఠాన్ని తన చేతిరాతతో రాసిచ్చాడు. బెంగాలీ పాట, తెలుగు గొంతులు, ఇంగ్లీషు అర్థం ఒక్క చోట కలిశాయి. రాయలసీమ అంచున ఆ విద్యార్థులు చేసిన పని, ఈనాటి సరిహద్దు బడి పిల్లలకు మించినది కాదు.

ఆ మదనపల్లె దగ్గరే, జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద వెలిసిన రిషివ్యాలీ బడి ఉంది. 1980లలో అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు తెరిచింది. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు, ఒకే ఉపాధ్యాయుడు. వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు ఈ గదికి సరిపడేలా పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరుస పేర్చి, పాటలు, ఆటలు, పొడుపుకథలు, తోలుబొమ్మలు అందులో చేర్చారు. ఊరి అమ్మలు చెప్పిన కథలే పాఠాలయ్యాయి. 1995లో యూనిసెఫ్ సాయంతో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వెళ్లి చూసి, తమ అడవి ఊళ్లకు తగినట్టు మార్చుకున్నారు. కర్ణాటకలో 'నలి-కలి' అలా పుట్టింది. 2009-10లో అది రాష్ట్రమంతటా కన్నడ మాధ్యమ ప్రభుత్వ బడుల ఒకటి, రెండు తరగతులకు, మరుసటేడు మూడో తరగతికి విస్తరించింది. నలి-కలి గదిలో పిల్లలు నేల మీద గుంపులుగా కూర్చుంటారు, గోడకు వాళ్ల ఎత్తులో నల్లబల్ల, తలపైన తాళ్లతో కట్టిన 'చప్పర', దానికి వేలాడే పిల్లల బొమ్మలు, రాతలు. ఆ పద్ధతిలోనే తర్వాత ఇంగ్లీషు కార్డులూ తయారయ్యాయి. పొరుగున తెలుగులో మొదలైన బోధన మైసూరు చుట్టి, కన్నడ వేషంలో, ఇంగ్లీషును వెంటబెట్టుకుని బాగేపల్లి తెలుగు పిల్లల దగ్గరికి చేరింది. ఇంత దూరం తిరిగొచ్చిన ఈ పద్ధతిలో ఒక్క లోపం సరిదిద్దుకోవాలి: పిల్లల ఇంటి భాషకు కార్డుల్లో చోటు లేదు. రిషివ్యాలీలో దానికి ప్రాణం పోసింది ఆ ఇంటి భాషే.

ఇక ఏ పాటలు? ఇంగ్లండు పిల్లల గేయాలు మంచివే, వాటి బాణీలు శతాబ్దాల వాడకంలో నునుపు తేరాయి. సరుకు మాత్రం పరాయిది. వానను పొమ్మని, ఇంకోరోజు రమ్మని పాడే గేయం దేశమంతటా ఒకటో తరగతి పాఠమైంది. అక్కడ వాన ఆటకు అడ్డం. బాగేపల్లి మెట్ట పొలాల్లో వాన రాకపోతే సెనక్కాయ విత్తనం సంచిలోనే ఉండిపోతుంది; చెరువు నిండితేనే ఊరికి ఊపిరి. ఇక్కడి పిల్లలు కప్పతల్లిని ఊరేగించి, కన్నడ పల్లెల్లోనైతే మట్టితో మళెరాయని చేసి తలకెత్తుకుని, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ వానను పిలిచే పాటలు పాడతారు. అదే పిల్లల చేత బడిలో వానను పొమ్మనిపించడం అన్యాయం. దీనికి పరిష్కారం ఆ గేయాన్ని నిషేధించడం కాదు, తిప్పి రాయించడం. 'కమ్, రెయిన్, కమ్ టు అవర్ ట్యాంక్' అని మొదలుపెట్టి, ఇంకెక్కడెక్కడికి రావాలని అడిగితే పిల్లలే చెబుతారు: పొలానికి, బావికి, మేకల దొడ్డికి. ప్రతి చోటూ ఒక కొత్త మాట, ఒక కొత్త చరణం. కన్నడ సాహిత్యం ఈ పనిని ఎదురు దిశలో చేసి చూపింది. బి.ఎం. శ్రీకంఠయ్య 1926లో 'ఇంగ్లిష్ గీతగళు' ప్రకటించి ఇంగ్లీషు కవితల్ని కన్నడ నడకలోకి తెచ్చాడు. ఇక్కడి బతుకును ఇంగ్లీషు నడకలోకి తీసుకెళ్లడం బడిపిల్లల స్థాయిలో సాధ్యమే.

ఈ జిల్లాలో పట్టుపురుగును మించిన పాఠం లేదు. శిడ్లఘట్ట మార్కెట్టుకు గూళ్లు తీసుకెళ్లే ఇళ్లల్లో పురుగుల పెంపకం పిల్లలకు కళ్ల ముందే జరుగుతుంది. పురుగు మల్బరీ ఆకు తింటుంది, తినడం ఆపి కదలకుండా ఉంటుంది, చర్మం విడుస్తుంది, మళ్లీ తింటుంది. ఈ నిద్రను రైతులు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, మూడోది, నాలుగోది. నాలుగూ దాటాక పురుగు చంద్రిక అనే తట్ట ఎక్కి గూడు కడుతుంది. తినడం, నిద్ర, తినడం, నిద్ర అని నాలుగు సార్లు తిరిగే ఈ బతుకు తానే ఒక పాట నిర్మాణం. ఒక జట్టు పురుగులు, మరొక జట్టు రైతులు. పురుగులు 'ఐ యామ్ హంగ్రీ, గివ్ మి లీవ్స్' అంటే రైతులు 'హియర్ ఆర్ ద లీవ్స్' అని ఆకు వేస్తారు. తర్వాత 'ఐ యామ్ స్లీపీ, లెట్ మి స్లీప్'. నాలుగో నిద్ర దాటాక 'ఐ యామ్ రెడీ, లెట్ మి స్పిన్'. ఒకే వాక్య నిర్మాణం పదిసార్లు చెవిన పడింది, ప్రతిసారీ ఒక పని జరిగింది, అర్థం కోసం ఎవరూ కన్నడంలోకో తెలుగులోకో మార్చి చెప్పలేదు. మరుసటి రోజు పురుగు స్థానంలో మేక, దాహం వేసిన ఎద్దు, ఏడ్చే తమ్ముడు వస్తారు. 'ఐ యామ్ థర్స్టీ, గివ్ మి వాటర్' అన్న వాక్యం పాఠంలో లేదు. బిడ్డ తానే కట్టింది. ఇంగ్లీషు ఒంటబట్టడం ఆ క్షణంలో మొదలవుతుంది.

సృజన అన్న మాటను ఈ తరగతిలో ఇంత చిన్న కొలతతోనే వాడాలి. కవిత్వం రాయించడం, నాటకాలాడించడం తర్వాతి మాట. పాడిన వాక్యంలో ఒక మాట తీసి తన మాట పెట్టడం మొదటి సృజన. రెండు మాటలు మార్చడం రెండోది. బాణీని ఉంచి చరణమంతా కొత్తగా కట్టడం మూడోది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో నడిపిన ప్రయోగం, 'బెంగళూరు ప్రాజెక్టు'గా ప్రపంచ భాషా బోధకులకు పరిచయమైనది, ఇందుకు అండగా నిలుస్తుంది. వ్యాకరణం వరుసగా చెప్పకుండా, రైలు వేళల పట్టిక చూసి జవాబు వెతకడం, పటం మీద దారి కనుక్కోవడం వంటి పనులు ఇచ్చాడాయన. బుద్ధి అర్థం మీద నిమగ్నమైనప్పుడు భాషా రూపం దానంతటదే కుదురుకుంటుందన్నది ఆయన వాదన. ప్రభు పాటలు వాడలేదు. అయినా చరణం మార్చే బిడ్డ చేసేది అదే పని: ఎద్దు ఏమడుగుతుందో ఆలోచిస్తుంది, మాట వెతుకుతుంది, తాళానికి సరిపోతుందో లేదో చూసుకుంటుంది. అర్థమూ రూపమూ ఒకేసారి పట్టి చూడడం పాట ఇచ్చే అదనపు లాభం.

పొడుపుకథ కూడా ఈ పనికి బాగా పనికొస్తుంది. 'ఐ స్టాండ్ ఇన్ ద ఫీల్డ్. ఐ హావ్ ఫింగర్స్, బట్ నో హ్యాండ్స్. హూ యామ్ ఐ?' అంటే రాగి కంకి అని బాగేపల్లి పిల్లలు చెప్పినంత వేగంగా మరెవరూ చెప్పలేరు. ఆ తర్వాత ప్రతి బిడ్డా ఒక పొడుపు కట్టి తేవాలి. తోలుబొమ్మలాట కళాకారుల నిమ్మలకుంట ఈ సరిహద్దుకు అవతల, ధర్మవరం దగ్గర ఉంది. అట్టముక్కతో చేసిన రెండు బొమ్మలు చేతికిచ్చినా సరే, మాట పెగలని పిల్లలు బొమ్మ నోటితో మాట్లాడతారు.

పాటతో వచ్చే చిక్కులు చిన్నవి కావు. గుంపులో పాడే చాటు బెరుకు పోగొడుతుంది, అదే చాటు రాని పిల్లల్ని దాచేస్తుంది. నలభై గొంతుల హోరులో పది గొంతులు పెదవులు మాత్రం కదుపుతాయి. తనిఖీకి అధికారి వచ్చినప్పుడు, తల్లిదండ్రుల సమావేశంలో ఇంగ్లీషు పాట ప్రదర్శనగా మారుతుంది. చేతులు ఊపుతూ పాడిన బిడ్డకు తాను ఏమన్నదో తెలియదు. పెద్దలు చప్పట్లు కొడతారు, బడికి ఇంగ్లీషు వచ్చిందని తృప్తి పడతారు. ఈ తృప్తి ప్రమాదకరం. ఫోనులో వీడియో పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టడం ఇంకో దారితప్పిన పని. ఆ పాటల వేగం, యాస, మెరిసే బొమ్మలు కన్ను పట్టి లాగుతాయి, నోరు కదలనివ్వవు. వీడియో ఆగి ప్రశ్న వేయదు, బిడ్డ చెప్పిన చరణాన్ని పాడదు. ఉపాధ్యాయుని గొంతు ఎంత బొంగురుదైనా ఆ రెండూ చేయగలదు.

ఉపాధ్యాయుని ఇంగ్లీషు బలహీనమైతే? ఇది తప్పించుకోలేని ప్రశ్న. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ, 1963లో బెంగళూరులో దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ ఏర్పడింది ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధన నేర్పడం కోసమే. శిక్షణలు నడుస్తూనే ఉన్నా, కిరియ (దిగువ) ప్రాథమిక శాలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్ని విషయాలూ చెప్పాల్సిన చోట అందరూ ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడాలని ఆశించడం అర్థంలేనిది. పాటకున్న విలువ ఇక్కడ మరింత తెలుస్తుంది. వారానికి ఒక పాట, అందులోని ఐదారు వాక్యాలు, వాటి సరైన ఊనికతో ముందు తాను పట్టుకుంటే, ఆ వారానికి కావాల్సిన ఇంగ్లీషు ఉపాధ్యాయుని దగ్గర ఉన్నట్టే. ఏడాది తిరిగేసరికి పిల్లలతో పాటు మేష్ట్రుకూ ముప్పై నలభై వాక్య నిర్మాణాలు నోట నిలుస్తాయి. పాట అర్థాన్ని ఒకసారి తెలుగులో చెప్పడానికి సంకోచించకూడదు. బడి భాష కన్నడమని, పాఠం ఇంగ్లీషని, ఇంటి భాషను గుమ్మం బయట ఆపే గదిలో పిల్లలు అర్థాన్ని ఊహించుకుంటారు, తరచుగా తప్పుగా ఊహించుకుంటారు.

పన్నెండేళ్లు దాటిన పిల్లలకు అభినయ గేయాలు చెల్లవు. ప్రౌఢశాల పిల్లల్ని చేతులూపి పాడమంటే సిగ్గుపడతారు. ఇంగ్లీషు సినిమా పాటలు వినిపించి ఖాళీలు పూరించమనడం పట్టణ బడుల్లో వాడుక. ఆ పాటల వేగమూ, వ్యాకరణాన్ని వంచే స్వేచ్ఛా ఈ పిల్లలకు అక్కరకు రావు. వాళ్లకు తగిన పని వాళ్ల ఇళ్లల్లోనే ఉంది. బిడ్డ ఇంటికి వెళ్లి అవ్వనడిగి ఒక పాట తెస్తుంది: నాట్లప్పటిదో, రాగులు విసిరేటప్పటిదో, కైవారం తత్వమో. విన్నది తెలుగులో, రాసుకునేది కన్నడ లిపిలో. తరగతిలో దాని సంగతిని నాలుగైదు ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పాలి: ఎవరు పాడతారు, ఎప్పుడు పాడతారు, అందులో ఏముంది, తనకు ఏ చోటు నచ్చింది. పాటను పాటగా అనువదించమని అడగనక్కర్లేదు, అది పండితులకే కష్టం. ఈ పనిలో ఇంగ్లీషు మొదటిసారిగా వినేవాళ్లకు నిజంగా తెలియని సంగతిని చెబుతుంది. పాఠ్యపుస్తకపు ప్రశ్నకు జవాబు అడిగేవారికీ చెప్పేవారికీ ముందే తెలుసు. అవ్వ పాట సంగతి ఆ బిడ్డకు మాత్రమే తెలుసు. మూడు భాషలూ తమ తమ పని చేసుకుంటాయి, ఏ ఒక్కటీ మరొకదానికి అడ్డురాదు. ఉర్దూ ఇంటి బిడ్డ, లంబాడీ తాండా బిడ్డ తెచ్చే పాటలతో తరగతికి ఇంకా సంపద.

చివరగా, వచ్చిందో లేదో తెలుసుకోవడం. పాట బాగా పాడడం కొలబద్ద కాదు. పాట తీసేసి చూడాలి. పట్టుపురుగు పాట నేర్చిన బిడ్డకు నీళ్ల చెంబు చూపించి ఏమీ అనకుండా నిలబడితే, బాణీ లేకుండా 'గివ్ మి వాటర్' అన్నదా? పాటలో లేని జంతువును చూపితే వాక్యం కట్టిందా? వారం తర్వాత, సెలవుల తర్వాత కూడా అనగలిగిందా? ఈ మూడు ప్రశ్నలూ ఒక్కొక్క బిడ్డను విడిగా పిలిచి, రెండు నిమిషాల్లో, మిగతావాళ్లు తమ పనిలో ఉండగా అడగవచ్చు; నలి-కలి గుంపుల ఏర్పాటు ఇందుకు అనువుగానే ఉంది. అన్నదాన్ని మార్కుల్లోకి దించనక్కర్లేదు. ఏ బిడ్డ ఏ వాక్యాన్ని తన మాటతో మార్చగలిగిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, వచ్చే వారం ఏ పాట ఎత్తుకోవాలో ఉపాధ్యాయునికి ఆ పుస్తకమే చెబుతుంది. పిల్లలు కట్టిన చరణాలు కూడా అందులోనే చేరితే, మరుసటేడు ఒకటో తరగతికి వచ్చేవాళ్లకు ఆ ఊరి మాటలతో, ఆ ఊరి పొలాలతో ఉన్న ఇంగ్లీషు పాఠం సిద్ధంగా ఉంటుంది.